పచ్చసొన బహిష్కార వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అన్నా, డబుల్ ఆమ్లెట్... ఎల్లో తీసెయ్. బటర్ ఎక్స్‌ట్రా వెయ్."

అవతారిక: హైటెక్ సిటీ నుంచి రాత్రి పదింటికి కూకట్‌పల్లి చేరి, మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే కేపీహెచ్‌బీ రోడ్డు పక్క బండి ముందు నిలబడ్డ ఒకానొక సాఫ్ట్‌వేర్ యువకుడు, పొద్దున చేతికొచ్చిన లిపిడ్ ప్రొఫైల్‌ను తలచుకుని పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: అన్నా = ఓ పెనాధిపతీ (వయసుతో నిమిత్తం లేదు; చేతిలో అట్లకాడ ఉన్నవాడే అన్న); డబుల్ = రెండు గుడ్లు కొట్టినదైన; ఆమ్లెట్ = అట్టును (వేయుమని శేషం); ఎల్లో = పచ్చసొనను; తీసెయ్ = వెలివేయుము; బటర్ = వెన్నను; ఎక్స్‌ట్రా = చెయ్యి నొప్పి పుట్టేదాకా; వెయ్ = కుమ్మరింపుము. "చీజ్ ఎక్స్‌ట్రా" అని జేఎన్‌టీయూ వైపు పాఠాంతరం. అర్థభేదం లేదు.

వ్యాకరణ విశేషం: తీసివేయు, వేయు. రెండింటా ఉన్నది 'వేయు' ధాతువే. అదే ఒకచోట తీయిస్తూ, మరోచోట పోయిస్తున్నది.

పూర్వపక్షం: 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు కొలెస్ట్రాల్ మేపితే వాటి రక్తనాళాలు పూడాయి. ఆకులు మేసే జీవికి అదేం భోజనమని అడగరాదు. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు సొనలు దాటవద్దంది. మన యువకుడు ఇంకా అక్కడే ఉన్నాడు.

సిద్ధాంతం: గుడ్డులోని సుమారు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అంతా సొనలోదే, కాదనం. కానీ ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ పాలు ఒళ్లు వండుకున్నదే. బయటినుంచి వస్తే చాలామందిలో కాలేయం తన వంట తగ్గించుకుంటుంది. అసలు చిక్కు సంతృప్త కొవ్వుది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, లోపలికి లాక్కునే కాలేయపు గ్రాహకాలను అది తగ్గిస్తుంది. గుడ్డులో అది గ్రామున్నర. టేబుల్‌స్పూన్ వెన్నలో ఏడు గ్రాములు! 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు కొలెస్ట్రాల్‌కు రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దును ఎత్తేశాయి. మన తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ ఏడాదికి మనిషికి 180 గుడ్లు చెప్పింది. మధుమేహమున్నవారికీ, ఎల్‌డీఎల్ ఇదివరకే పెరిగినవారికీ మాత్రం భాష్యకారుడు వైద్యుడే, నేను కాను.

అలంకారం: అసంగతి. తప్పు ఒకచోట, శిక్ష మరొకచోట.

తాత్పర్యం: ఓ అన్నా! నా గుండెను కాపాడుటకై రెండు సొనలను తొలగించి, ఆ ఖాళీని వెన్నతో పూడ్చుము.

శేషం: తీసిన సొనలు గిన్నెలో ఉండి, పక్కనున్న స్నేహితుడు చెప్పిన ఎగ్ ఫ్రైడ్‌రైస్‌లో కలిశాయి. స్పూన్లు రెండు అడిగారు.