బిట్టు వచ్చు, బస్తీ తెలియదు

మా పక్కింటి అమ్మాయి బీఈడీ చేసి డీఎస్సీకి తయారవుతోంది. పొద్దున్నే నాదర్‌గుల్‌లో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకు పోతుంది, చీకటి పడ్డాక బిట్‌బ్యాంకు చంకన పెట్టుకుని వస్తుంది. కొఠారి కమిషన్ ఎప్పుడమ్మా అంటే, నా మాట పూర్తికాకముందే ‘1964–66 తాతా’ అంటుంది. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్లు నంబర్లతో సహా కంఠతా. సరే, నువ్వు సర్కారు బడిలో టీచరువి, ఆరో తరగతికి నడి సంవత్సరంలో ఓ పిల్లవాడు టీసీ లేకుండా వచ్చాడు, ఏం చేస్తావు అన్నాను. ‘టీసీ లేకుంటే ఎట్ల చేర్చుకుంటం తాతా?’ అంది. సెక్షన్ 5 బదిలీ గురించని బిట్టు వచ్చు. టీసీ ఆలస్యమైందని పిల్లవాణ్ని ఆపకూడదని అందులోనే రాసి ఉన్న సంగతి మాత్రం ఏ కోచింగు సారూ చెప్పలేదు.

మా రోజుల్లో పంతులు ఊళ్లోనే కాపురముండేవాడు. వరికోతల్లో ఎవరి పిల్లలు రారో, ఎవరింట్లో అప్పుల గొడవో, ఎవరి తండ్రి కల్లు దుకాణం దగ్గర తెల్లవార్లూ పడి ఉన్నాడో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లవాడు రెండు రోజులు కనపడకపోతే సాయంత్రం ఇంటి ముందుకే పోయి పిలిచేవాడు. ఆ రోజులేమీ బంగారం కాదు లెండి. వాడల పిల్లలు తరగతిలో ఎక్కడ కూర్చునేవారో, బడి కుండలో నీళ్లు ఎవరు ముంచి పోసేవారో ఆ పంతుళ్లకు బాగా తెలుసు. తెలిసీ ఊరుకున్నవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు ఆ తెలియడం కూడా పోయింది. ఇదే నాదర్‌గుల్‌లో పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పసుపు బస్సుల బడులున్నాయి, చిన్న విమానాలు నేర్పే మైదానముంది. సర్కారు బడిలో కూర్చునేదేమో పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన మేస్త్రీల, కూలీల, వాచ్‌మన్ల పిల్లలు. సగం కట్టిన బిల్డింగు కింద, సిమెంటు బస్తాల పక్కన రేకుల గది. అదే వాళ్ల చిరునామా. స్లాబులు పడి, రంగులు వేసి, గృహప్రవేశాలు అయ్యాయంటే ఆ కుటుంబం ఇంకో బిల్డింగుకు పోతుంది. రిజిస్టరులో మాత్రం నెల పొడవునా ‘ఆ’ అని గైర్హాజరు పడుతుంది. ఎల్బీనగర్ నుంచి బండి మీద వచ్చి, నాలుగున్నరకు బండి తిప్పే టీచరు ఇదంతా ఎక్కడ చూడాలి? ‘తల్లిదండ్రులకు చదువంటే శ్రద్ధ లేదు సార్’ అని తేల్చేస్తుంది.

ఆ మాట అబద్ధమని తేలింది మా రంగారెడ్డి జిల్లాలోనే. శాంతా సిన్హా గారు 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ తరఫున పనుల్లో ఉన్న పిల్లల్ని విడిపించి, శిబిరాల్లో చదివించి, వాళ్ల వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది వాళ్ల పట్టు. బీదవాళ్లు పిల్లల్ని పంపరని అందరూ అనేవారు. ఇంటింటికీ పోతే, పంపాలని తల్లికి ఉంది. బడే పొమ్మంటోంది, కాగితాలడిగి, వయసు మించిందని. సర్కారు టీచర్లు కొందరు బాలకార్మిక విమోచన వేదిక పేరుతో ఆ పనిలో దిగారు. 2003లో ఆవిడకు మెగసెసే అవార్డొచ్చింది. అది కూడా బిట్టే ఇప్పుడు.

విద్యకు సామాజిక పునాదులని బీఈడీలో చదివించేది ఇందుకు. కులం, వలస, ఆడపిల్ల పెళ్లి, ఇంటి భాష, ఇవి తరగతి గదిలోకి ఎట్లా వస్తాయో చెప్పే పాఠమది. ఊళ్లో ఉండి తెలుసుకునే వీలు పోయిన కాలంలో అది మాకంటే ఈ పిల్లలకే ఎక్కువ అవసరం. వీళ్లేమో దాన్ని మార్కులు తేలిగ్గా పడే పేపరనుకుంటారు, గైడు కొనుక్కుని పరీక్ష ముందు రాత్రి చదువుతారు.

2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు బడుల్లోనే ఉండాలి. మంచిదే. ఆ 20 వారాలూ లెసన్ ప్లాన్లకు అట్టలేయడం, ఛార్టులకు రంగులద్దడంతోనే సరిపోతోంది. ఒక్క వారం తీసి, రిజిస్టరులో ‘ఆ’ పడ్డ పిల్లల ఇళ్లకు పంపండయ్యా అంటే, దానికి మార్కులెన్నని అడుగుతున్నారు.