పెట్టెలోనే తాళంచెవి

1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థకు రూపొందించిన తొలి కరదీపికలో, ఆదేశాల వివరణతోపాటు వాటి లోపాలను ‘బగ్స్’ అనే శీర్షిక కింద తామే ఒప్పుకోవడం మెచ్చదగిన నిజాయితీయే. అయితే ఆ సంప్రదాయానికి చెందిన ‘మ్యాన్’ పుటలు, అంటే తెరమీదే చదువుకొనే ఆదేశ వివరణలు, తెలిసినవారికి జ్ఞాపికలే గాని తెలియనివారికి పాఠాలు కావు; ఆదేశం పేరు ఎరిగినవారికే పుట తెరుచుకుంటుంది గనుక, ఆ పేరే తెలియని అభాగ్యుడు దానిని వెతికే మార్గం కోసం ముందుగా ‘మ్యాన్ మ్యాన్’ అని టైపు చేయాలట (ఇంతకీ ఆ సంగతి అతనికి చెప్పేదెవరు?). తీరా పుట తెరుచుకున్నాక, బయటపడటానికి ‘క్యూ’ అక్షరం నొక్కాలన్న రహస్యం తెలియని కొత్తవారు విండోనే మూసి పలాయనం చిత్తగిస్తే, పండితులు దానిని కరదీపిక లోపాల్లో గాక వాడుకరి లోపాల్లో జమకడతారు.