కర్టెన్లకు నప్పిన ఖైదీలు

ఇంట్లో కురుక్షేత్రం పటం పెడితే గొడవలొస్తాయని పెద్దలంటారు. జైలు పటం గురించి ఏ వాస్తు పండితుడూ నోరు విప్పలేదు కాబోలు, విల్లాల హాళ్లలోకి చిత్రకారుడు వాన్ గో గీసిన ఖైదీలు దర్జాగా వచ్చేస్తున్నారు. ఎత్తైన గోడల మధ్య తలలు వంచుకుని గుండ్రంగా తిరిగే బందీలు, కింద లెదర్ సోఫా, పైన ఎల్‌ఈడీ లైటు. ఈ బొమ్మే ఎందుకండీ అంటే, "స్వేచ్ఛ విలువ గుర్తుచేస్తుంది" అంటాడు గృహస్థు గంభీరంగా. ఇంటీరియర్ కుర్రాడు పాపం అబద్ధమాడలేడు: "ఆ నీలం కర్టెన్లకు మ్యాచయింది సార్."

వాన్ గో దీన్ని 1890లో సెయింట్ రెమీ పిచ్చాసుపత్రిలో వేశాడు. ఎదుట నిలబడే మనుషులు దొరక్క, గుస్తావ్ డోరే గీసిన లండన్ న్యూగేట్ జైలు బొమ్మను ముందు పెట్టుకుని రంగులద్దాడు. అదే ఏడాది జూలైలో ఆయన పోతే, శవపేటిక ఉంచిన గదిలో తగిలించిన చిత్రాల్లో ఇదీ ఒకటని మిత్రుడు ఎమీల్ బెర్నార్ రాశాడు. అక్కణ్నుంచి గృహప్రవేశాల దాకా, ప్రమోషనే కదా!

అసలు చిత్రం 80 సెంటీమీటర్ల ఎత్తు, 64 వెడల్పు. మాస్కోలో పుష్కిన్ మ్యూజియంలో ఉంది. సోఫా మీదికి మాత్రం అడ్డంగా ఉండాలి. అందుకని ప్రింటింగువాడు పైభాగం కోసేస్తాడు. ఆ పైభాగంలోనే రెండు తెల్ల సీతాకోకచిలుకలున్నాయి. బొమ్మ మొత్తంలో గోడ దాటగల ప్రాణులు ఆ రెండే. కత్తెర వాటికే పడింది.

ఇంత స్వేచ్ఛాప్రియుడైన ఆ గృహస్థు, పనిమనిషి తమ్ముడు రిమాండులో ఉన్నాడని తెలిసిన రోజే ఆమెను మాన్పించాడు. మన జైళ్లలో నూటికి 70 మందికి పైగా ఇంకా విచారణ ఖైదీలేనని ఆయనకు చెప్పేదెవరు? చంచల్‌గూడ జైలు ములాఖత్ క్యూ ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి ఇస్తే ఆ గోడకు తగిలిస్తాడా? ఖైదీ అన్నవాడు పరాయి దేశస్థుడై, చచ్చి వందేళ్లు దాటితేనే కళ అవుతాడు.

అంతగా స్వేచ్ఛ విలువ తెలియాలంటే సంగారెడ్డి ఉంది. 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండే ఏర్పాటు 2016లోనే పెట్టారు. కర్టెన్లు మ్యాచ్ చేసే సదుపాయం మాత్రం లేదు.

అతిథులొస్తే మనవాడు టోపీ లేని ఖైదీని వేలుపెట్టి చూపిస్తాడు: "అది వాన్ గోయేనంటారండీ!" కుడిపక్క పొడుగు టోపీలతో తీరుబడిగా నిలబడ్డ పెద్దమనుషుల వైపు ఆ వేలు పోదు. వాళ్లు శిక్ష పడ్డవాళ్లు కారు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లలా ఉన్నారు. అంత దగ్గరి చుట్టాలను పరిచయం చేయకపోవడం ఏం మర్యాద?