కలరా లెక్కలు: కాలు కదపకుండా రాసే పద్ధతి

విరేచనాల కేసులు రాసి పంపమనగానే ఆరోగ్య శాఖలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు బెంబేలెత్తిపోతారు. బెంబేలు అక్కర్లేదు. కలరా బెడద ఎక్కువున్న దేశాల్లో మనదీ ఒకటి, కాబట్టి ఈ పని మీకు ఏటా వానలతో పాటే వస్తుంది. మీ రిజిస్టరు తెల్లగా ఉండాలని, మీ ఆదివారాలు మీకు మిగలాలని మనసారా కోరుకుంటూ ఈ చిట్కాలు ఇస్తున్నాను.

1. పేరు మార్చండి. కలరా అన్న మాట కాగితం మీద పడనివ్వకండి. బియ్యం కడిగిన నీళ్లలా పోతోందని తల్లి చెప్పినా "వాంతులు, విరేచనాలు" అనే రాయండి. కారణం గడిలో పెళ్లి భోజనం వేయండి. ఊళ్లో పెళ్లి లేకపోతే మామిడిపళ్లున్నాయి, ఎండ ఉంది. ఇథియోపియా, సూడాన్ ప్రభుత్వాలు కూడా ఏళ్ల తరబడి దీన్ని తీవ్రమైన నీళ్ల విరేచనాలనే చెప్పుకున్నాయి. 1991లో కలరా ఉందని ఒప్పుకున్న పెరూ ఎగుమతులూ టూరిస్టులూ పోయి 70 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. నోరు విప్పితే ఏమవుతుందో ఇంతకన్నా రుజువేం కావాలి?

2. ఊరికి వెళ్లకండి. ఆశా కార్యకర్తకు ఫోను చేసి "ఏమ్మా, అంతా బాగానే ఉందిగా?" అని అడగండి. సరిగ్గా ఇలాగే అడగాలి. "ఎంతమందికి విరేచనాలవుతున్నాయి?" అన్నారంటే ఆవిడ లెక్కపెట్టి మరీ చెబుతుంది. "బాగానే ఉంది సార్" అనగానే సున్నా చుట్టండి. ఫోను ఎత్తకపోయినా సున్నాయే. కేసులు లేకపోవడం వేరు, కబురు రాకపోవడం వేరు అని ట్రైనింగులో చెబుతారు. గడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

3. లైన్ లిస్టును లొంగదీసుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే గనక కాస్త వివరంగా చెబుతాను. పేరు, వయసు, వీధి, జబ్బు మొదలైన తేదీ, ఒంట్లో నీరు ఎంత తగ్గింది, తాగే నీళ్లెక్కడివి, బతికారా పోయారా: మనిషికో వరుస. ఇందులో ప్రమాదకరమైన గడులు మూడే: తేదీ, వీధి, నీళ్లు. అవి సరిగ్గా పడ్డాయంటే జబ్బు ఏ బోరు దగ్గర పుట్టిందో, ఏ పైపు మురిక్కాలువలో మునిగి ఉందో చూసినవాడికల్లా తెలిసిపోతుంది. అందుకని తేదీ గడిలో ఆసుపత్రికి వచ్చిన రోజు వేసి, కిందికంతా గీత లాగి డిటో పెట్టండి. వీధి గడిలో మండలం పేరు రాయండి. నీళ్ల గడిలో "కొళాయి" చాలు, ఏ కొళాయో అక్కర్లేదు.

1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి చావులను వీధుల మ్యాపు మీద గుర్తుపెట్టాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ ఊడదీయించేదాకా ఊరుకోలేదు. 2010లో హైతీలోనూ అంతే. తేదీలూ ఊళ్లూ వరుసలో పెట్టి చూసేసరికి ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం పక్కన పారే ఏరు బయటపడింది. చివరికి 2016లో ఆ సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ అంతటివాడు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి గడులు నింపి మీ పంచాయతీ కార్యదర్శి గారిని ఇరకాటంలో పెట్టకండి.

4. శాంపిల్ ఆలస్యంగా తీయండి. యాంటీబయాటిక్ పడ్డాక స్వాబ్ తీస్తే ల్యాబులో ఏదీ పెరగదు. శాంపిల్ పంపే కేరీ-బ్లెయిర్ ట్యూబును ఐసులో పెట్టొద్దంటారు. మీరు ఐసు పెట్టె అడుక్కే తోయండి, ఆ క్రిమికి చలి పడదు. శనివారం సాయంత్రం బస్సుకు పంపండి. నెగటివ్ అని రిపోర్టు రాగానే లామినేషన్ చేయించండి, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

5. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కిందే చేయండి. అక్కడ రంగు బాగా వస్తుంది. ఊరి చివరి కొళాయి దాకా నడవకండి.

6. చావులు: మీ ఆసుపత్రి మంచం మీద పోయినవాళ్లే మీ లెక్క. జింబాబ్వేలో 2008-09లో 4,000 మందికి పైగా పోతే, అందులో సగానికి పైగా ఆసుపత్రి బయట పోయినవాళ్లే. వాళ్లను వదిలేసి ఉంటే లెక్క ఎంత తేలికయ్యేది! ఇంట్లో పోయిన ముసలాయనకు వృద్ధాప్యం రాయండి. ఆటోలో పోయిన బాలింతకు గుండె ఆగిందని రాయండి. గుండె ఆగకుండా ఎవరూ పోరు. సరైన వైద్యం అందితే నూటికి ఒక్కరు కూడా పోకూడదంటారు. మలావీ 2022-23లో సుమారు 59,000 కేసులకు 1,700 పైచిలుకు చావులు దాచకుండా రాసుకుని, నూటికి ముగ్గురి దగ్గర అందరి కళ్లలో పడింది.

7. సాకులు సిద్ధంగా ఉంచుకోండి. సర్వర్ పడుకుంది. ఎన్నికల డ్యూటీ. కిట్లు రాలేదు. 2021లో కేసులు ఆన్‌లైన్‌లో ఎక్కించే ఐహెచ్‌ఐపీ పోర్టల్ వచ్చాక మొదటిది బాగా నడుస్తోంది. ఒకే సాకు ఒకే అధికారికి రెండుసార్లు చెప్పకండి. ఏది ఎవరికి ఎప్పుడు చెప్పారో ఒక జాబితా రాసుకోండి. ఈ జాబితాలో మాత్రం తేదీలు తప్పకుండా వేయండి.

8. పక్క ఊళ్లకు పాకేదాకా ఓపిక పట్టండి. అప్పుడది వాళ్ల కేసు. మీ దగ్గర సున్నా గనక ట్యాంకరు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సెలైన్ బాటిళ్లు అన్నీ అటే పోతాయి. దింపించుకునే పనీ స్టాకు రిజిస్టరూ మీకు తప్పుతాయి. బోరు దగ్గర ఆడవాళ్లు అడిగితే "కాచి తాగండమ్మా" అనేసి బండి ఎక్కండి. ఆగస్టు 15న ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రానికి దరఖాస్తు ముందే పెట్టండి. "మూడు నెలలుగా ఒక్క కేసూ లేదు" అన్న వాక్యం మొదటి పేరాలోనే ఉండాలి.