ప్రార్థనలో పెట్టిన పీఎఫ్

పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం దారుల్లో ఒక రకం లేబర్ కాంట్రాక్టరు తరచూ ఎదురవుతుంటాడు. ఆదివారం తెల్లచొక్కా, ముందు వరుస కుర్చీ. చర్చికి కొత్త సౌండ్‌బాక్సులు ఆయన కానుకే. బండి వెనక అద్దం నిండా వాక్యమే. సోమవారం గ్లౌజులు అడిగిన కూలీకి కూడా వాక్యమే ఇస్తాడు.

"అన్నా, జీతంల పీఎఫ్ కోస్తున్నవు, ఖాతాల పడతలేదు" అని పిలగాడు నసిగితే, "ప్రార్థనలో పెడదాం తమ్ముడూ" అంటాడు. అక్కడ పెట్టినదానికి వడ్డీ పరలోకంలోనట! ఈఎస్ఐ కార్డు బహుశా రెండో రాకడకు వస్తుంది.

కూలి బిగబట్టిన ఆసాముల్ని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం కడిగి ఆరేసింది. ఆ పేజీ ఈయన బైబిల్లో అతుక్కుపోయినట్టుంది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు 40 మందికి పైగా కార్మికుల్ని మింగితే, అన్న ఉపవాస ప్రార్థన పెట్టించాడు. తన షెడ్డు వెనక గేటుకున్న తాళం మాత్రం తీయించలేదు.

ఈ ఊళ్లున్న సంగారెడ్డి 2016 దాకా మెదక్ జిల్లాలోదే. ఆ మెదక్‌లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కడుపు నింపి మహాదేవాలయం లేపాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. మన అన్న ఏటా క్రిస్మస్‌కు బస్సు మాట్లాడి కూలీలందరినీ అక్కడికే తీసుకెళ్తాడు. ఆ రోజుకు ఆబ్సెంటు వేస్తాడు. బస్సు కిరాయి జనవరి జీతంలో కోస్తాడు.