మా చంటిగాడి సస్పెన్సు

మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. బీటెక్ మూడో ఏడు, మెడలో హెడ్‌ఫోన్లు, సగం గడ్డం, సెమిస్టరుకు రెండు చొప్పున బ్యాక్‌లాగులు. రెండు చేతుల వేళ్లూ కలిపి చట్రం కట్టి, పప్పులో ఉప్పెక్కువైందని గొడవ చేస్తున్న తండ్రిని అందులోంచి ఒంటికన్నుతో చూస్తుంటాడు. ఆ తండ్రి ప్రాణానికి ఎలా ఉందో వాడికక్కర్లేదు, మొహం మీద లైటింగ్ బాగుందా లేదా, అంతే. మా వంతుకి వచ్చినవాడు మా చెల్లెలి కొడుకు చంటిగాడు. రాజమండ్రిలో చదువుతూ, అంటే చదువుతున్నాడనుకుని మా బావగారు ఫీజు కడుతూ ఉండగా, థ్రిల్లర్ తీస్తున్నాడు.

మొత్తం థ్రిల్లర్ కాదు. మొదటి రెండు నిమిషాలే. "ఓపెనింగ్ అదిరితే చాలు మావయ్యా, మిగతా సినిమాకి డబ్బులు పట్టుకుని నిర్మాతే పరిగెత్తుకొస్తాడు" అంటాడు.

ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి షాటు గురించి వాడు చెప్పని భోజనం లేదు. ఎవడో కారు డిక్కీలో బాంబు పెడతాడు. కారు కదులుతుంది. కెమెరా క్రేను మీదెక్కి మూడు నిమిషాల పైచిలుకు ఎక్కడా కట్ లేకుండా ఆ వీధులన్నీ తిరుగుతుంది. ఇది చెప్పడానికి మా వాడికి అరగంట పడుతుంది. మధ్యలో పెరుగ్గిన్నె కారవుతుంది, ఆవకాయ జాడీ మలుపు అవుతుంది. "అన్నం చల్లారిపోతోంది, ముందా బాంబు పేల్చెయ్యరా" అంటుంది మా చెల్లెలు.

షాట్ డివిజన్ రాసుకున్న పుస్తకం చూశాను. అది వాడి ఫ్లూయిడ్ మెకానిక్స్ రికార్డు. ఒక పేజీలో వెంచురీమీటరు, ఎదుటి పేజీలో పడిపోయిన మనిషి. లెక్చరరు గారు చదివే ఓపిక లేక రెంటికీ ఎర్రసిరాతో రైటు కొట్టేశారు. నవ్వుకుంటూ తిరగేశాను గానీ, లోపల సరుకుంది. మొదట తెర నల్లగా ఉండాలి, పడవ తాడు కిర్రుమనే చప్పుడొక్కటే రావాలి. తర్వాత నీళ్లు. తర్వాత చెయ్యి. మొహం మాత్రం చూపించకూడదు. ఏది ఎంతసేపు చూపించాలో, ఏది దాచాలో అన్నీ రాసుకున్నాడు. అంతే శ్రద్ధ పక్క పేజీ మీద పెడితే మా బావగారికి బీపీ మాత్ర తప్పేది.

ఇంత తెలిసినవాడికి ఉన్న లోటల్లా ఒక్కటే. నోట్లో నువ్వుగింజ నానదు.

మెయిన్‌రోడ్డులో రోజ్‌మిల్క్ తాగుతూ, గ్లాసు సగమయ్యేసరికి, హంతకుడెవరో పక్కనున్నవాళ్లకి చెప్పేస్తాడు. "పడవవాడని అందరూ అనుకుంటారండి. కాదండి, ఆ అమ్మాయి పెదనాన్నండి." వినేవాళ్లు ఊరుకుంటారా? పెదనాన్న ఎందుకండీ, ఇన్సూరెన్స్ ఏజెంటుని పెట్టండని ఒకరు, ఆస్తి తగాదా కలపండని ఇంకొకరు. సాయంత్రానికి దేవీచౌక్‌లో మనం పలకరించిన ప్రతివాడికీ హంతకుడు తెలుసు. థ్రిల్లర్ తీసేవాడివి, ఇలా చెప్పుకు తిరిగితే ఎలారా అంటే హిచ్‌కాక్‌ని అడ్డం పెట్టుకుంటాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, బల్ల కింద బాంబుంది. అది చూసేవాడికి తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే పదిహేను నిమిషాల సస్పెన్సు. త్రూఫోతో మాట్లాడుతూ హిచ్‌కాక్ చెప్పిన మాటే ఇది. "అందుకే మావయ్యా, ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తున్నాను."

అదే హిచ్‌కాక్ 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వద్దని థియేటర్లవాళ్ల దగ్గర పట్టుబట్టాడురా, ముగింపు బయటపెట్టొద్దని జనాన్ని బతిమాలుకున్నాడురా అన్నాను. "అది అమెరికా అండి" అన్నాడు.

ఆ మాట కొట్టిపారేయలేం. పసలపూడిలో పుట్టిన వంశీ గారు 1985లో 'అన్వేషణ' తీసినప్పుడు కథని పట్టుకెళ్లి అడవిలో పెట్టారు. మరుసటేడు గోదావరి పల్లెటూరికి తెచ్చేసరికి అది 'లేడీస్ టైలర్' అయి కూర్చుంది. ఈ నీళ్ల పక్కన నవ్వు పండినంత తేలిగ్గా భయం పండదని నా అభిప్రాయం. భయపడాలంటే మనిషి ఒంటరిగా ఉండాలి. ఇక్కడ ఒంటరిగా ఉన్నవాణ్ణి చూస్తే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు.

ఇది ఊహించి చెప్పడం లేదు. కోటిలింగాల రేవులో తెల్లవారుజామున తీసిన షాటు దగ్గరుండి చూశాను. నన్ను రమ్మన్నది సలహా కోసం కాదు, నా స్కూటరు హెడ్‌లైటు కోసం. కార్తీకమాసం. వాడు కోరుకున్న మంచు దిగింది. మంచుతో పాటు స్నానాలకి జనం కూడా దిగుతారన్న సంగతి మాత్రం ఆ రికార్డు పుస్తకంలో లేదు. కెమెరా అంటే ఫోనే. దానికి ట్రాలీగా అరటిపళ్ల తోపుడుబండి మాట్లాడాడు. నా బండి నేనే తోస్తానని బండివాడూ వెంట వచ్చాడు. శవం వేషం వాడి క్లాస్‌మేటుది. కింది మెట్టు మీద బోర్లా పడి, ఒక చెయ్యి నీళ్లలోకి వేలాడేసి, ఊపిరి బిగబట్టాడు.

యాక్షన్ అన్నాడు. బండి కదిలింది. ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను, బాగుంది. మంచులోంచి ముందు ఆ చెయ్యి కనబడింది. ఎగువ మెట్ల మీద ఎవరో వదిలిన దీపం అరటిదొప్పలో తేలుకుంటూ వచ్చి, ఆ వేళ్లకి తగిలి, కాసేపు ఆగి, వెలుగు గోళ్ల మీద పడుతుండగా మెల్లగా పక్కకి జారిపోయింది. అది ఎవరూ ఏర్పాటు చేసింది కాదు. నాకు ఒళ్లు జలదరించింది. చంటిగాడు కట్ చెప్పడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు తడిచీరతో ఒక మామ్మగారు తిన్నగా షాట్‌లోకి నడిచొచ్చి శవం మీదికి వంగారు.

"ఎవరబ్బాయివి నాయనా? ఈ చలిలో ఇక్కడ పడుకున్నావేం?"

శవం తల ఎత్తలేదు. అంతవరకూ మెచ్చుకోవాలి. కానీ పెద్దవాళ్లు పలకరిస్తే బదులు చెప్పకుండా ఉండే శవం గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

"ఆయ్, మండపేటండి."

"మండపేటలో ఎవరి తాలూకు?"

శవం బోర్లా ఉండే వంశవృక్షం చెప్పింది. మామ్మగారి తోడికోడలి పుట్టిల్లు వాళ్ల వీధిలోనే అని తేలింది. బండివాడు బండి ఆపి "మా అత్తారిదీ మండపేటేనండి" అని, ఆ సంతోషంలో శవానికి రెండు చక్రకేళీలు ఇచ్చాడు.

మామ్మగారు వెళ్లాక రక్తం పోసి ఇంకోసారి తీద్దామన్నాడు. 'సైకో'లో రక్తం నిజానికి చాక్లెట్ సిరప్పు, సినిమా బ్లాక్ అండ్ వైట్ కాబట్టి చెల్లింది. మనది కలరు కదా అని మా వాడు బెల్లం పాకంలో మిఠాయి రంగు కలిపి తెచ్చాడు. చిక్కదనం, మెరుపు అచ్చం రక్తమే. మనుషులకి సరే, చీమలకి ఎలా తెలుస్తుంది? తెల్లారేసరికి బారులు తీరాయి. ఆ శవం లేచి గోదాట్లోకి దూకిన దూకుడు ఏ ఇంగ్లీషు సినిమాలోనూ చూడలేదు.

సరే, అసలు చిక్కుకి వద్దాం. హంతకుడు ఊరంతా తెలిసిపోయాడు కాబట్టి హంతకుణ్ణి మార్చాలి. హంతకుడు మారితే కథ మారాలి, కథ మారితే ఓపెనింగ్ మారాలి, ఓపెనింగ్ మారితే మళ్లీ ముహూర్తం. పక్కన కోనసీమ పెట్టుకుని కొబ్బరికాయకి కొదవేముంది? ఇప్పటివరకూ మా వాడు కొట్టినవన్నీ కొబ్బరికాయలే. గుమ్మడికాయ కొట్టే యోగం పట్టలేదు. ఒకసారి 1997లో రైళ్లాగిపోయిన హేవలాక్ వంతెన మీద మొదలన్నాడు. ఒకసారి కుమారదేవం సినిమా చెట్టు చాటున హంతకుణ్ణి నిలబెడతానన్నాడు. ఎన్నో సినిమాల్లో నటించిన ఆ నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోతే మా వాడు అన్నం మానేశాడు. చెట్టు మీద బెంగ సగం, స్క్రీన్‌ప్లే మీద బెంగ సగం.

మా చెల్లెలు మాత్రం పూర్తిగా కోప్పడలేదు. 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అని స్టూడియో కట్టిన ఊళ్లో పుట్టినవాడికి ఆ పిచ్చి రాకుండా ఉంటుందా అన్నయ్యా అంటుంది. సుకుమార్ గారు కాకినాడలో లెక్కలు చెప్పుకుని డైరెక్టరవ్వలేదా అని వాడంటే మాత్రం, "ఆయన లెక్కలు చెప్పారు, నువ్వు లెక్కలు తప్పావు" అని అప్పటికప్పుడు అప్పజెబుతుంది.

ఈమధ్య కొత్త కథ అనుకున్నాడు. ఈసారి హంతకుడెవరో అమ్మకి కూడా చెప్పనని దేవుడి గదిలో ప్రమాణం చేశాడట. నేను ఎదురుపడితే చూపు తిప్పుకుంటున్నాడు. పోన్లే, కుర్రాడికి గుట్టు అలవడిందనుకున్నాను.

మొన్న ఇడ్లీ బండి దగ్గర పార్సిల్ కట్టించుకుంటుంటే బండాయన చట్నీ పోస్తూ పోస్తూ గొంతు తగ్గించాడు.

"ఏవండీ, ఈసారి చంపేది మీరేనంట కదండీ?"

పక్కన ప్లేటు పట్టుకు నించున్నాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "బలేగా సరిపోయారండి" అన్నాడు. నా మొహం చూస్తే ఎవరికీ అనుమానం రాదనా, చూడగానే వచ్చేస్తుందనా అని అడగబోయి మానేశాను.

"ఎప్పుడండి మరి?"

"ఆయ్, కొబ్బరికాయ ఇంకా కొట్టలేదండి" అని, అల్లంపచ్చడి ఇంకాస్త వెయ్యమన్నాను.