ఇటుక మోసిన బండి

షాలిబండ దిగువన ఒక వడ్రంగి కొట్టులో, తలుపుచెక్కలకు పోగా మిగిలిన టేకుముక్కలతో నేను పుట్టితిని. ముందొక చక్రము, వెనుక రెండు, పట్టుకొనుటకు నిలువు చట్రము: ఇంతే నా స్వరూపము. ముట్టుకొన్నంతనే ముందుకురుకుట మా జాతిధర్మము. ఏడాది బిడ్డను వెంటబెట్టుకొని కొన్ని నెలలు పరుగులు తీసి, పిదప అటకెక్కి, ఆ యింట మరియొక శిశువు పుట్టువరకు ధూళి భుజించుట మా జీవితచరిత్ర. కావున ఆత్మకథ చెప్పుకొనదగినంత సంగతి మాలో నెవ్వరికిని ఉండదు. నాకు కలిగినది, నేను చేరిన యింటి బిడ్డ నడవకపోవుటచేత.

గౌలిపురాలోని ఆ యింటివారు బిడ్డ మొదటి పుట్టినరోజునకు నన్ను కొనిరి. బిడ్డ అప్పటికి గోడ ఆనుడు లేక కూర్చుండజాలడు. "మా కొడుకు గూడ లేటుగనే నడిచిండు" అని నాయనమ్మ ధైర్యము చెప్పుచుండెను. వచ్చినవారెల్లరు నన్ను చూచి, బిడ్డను చూచి, "ఇంకా నడుస్తలేడా?" అని అడుగుచుండిరి. ఆ ప్రశ్న వినబడగనే తల్లి చాయ పెట్టుటకు వంటింటిలోనికి పోవుట నేను గమనించితిని.

కొన్నాళ్లకు అంగన్‌వాడీ టీచరు మాటపై ఆమె బిడ్డను వైద్యునికి చూపించినది. తిరువనంతపురములోని శిశువికాస కేంద్రము వారు కూర్చిన చిన్న పట్టిక యొకటి కలదట. నవ్వుటతో మొదలై, గంట చప్పుడునకు తల త్రిప్పుట, దేనినైన పట్టుకొని లేచి నిలుచుట, బొమ్మకు కన్నెక్కడ అనిన చూపుట వరకు, రెండేండ్లలోపు బిడ్డ చేయవలసిన 17 పనులు అందులో గీతలై ఉండును. బిడ్డ వయస్సు గల నెలపై పెన్సిలును నిలువుగా నుంచినచో, దానికి ఎడమప్రక్క ముగిసిన గీతలన్నియు బిడ్డకు వచ్చి యుండవలెను. మా బిడ్డకు రానివి చాల మిగిలినవి. పుట్టగనే ఏడువలేదన్న సంగతిని వైద్యుడు మరల మరల అడిగి వ్రాసికొనినాడట.

వైద్యుడు వారిని బోయిన్‌పల్లికి పంపెను. 1984లో అచటి మనోవికాస్‌నగరున మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలసినది. తరువాత దాని పేరు మారినది గాని పని మారలేదు. పాతబస్తీ నుండి అచటికి పోవుటయనగా నగరమును ఈ కొననుండి ఆ కొనకు దాటుటయే. చంకన బిడ్డ, భుజాన సంచి, అఫ్జల్‌గంజి వద్ద బస్సు మారుట: ఇది ఆ తల్లి తీర్థయాత్ర. అచటివారు బిడ్డకంటె తల్లికే ఎక్కువ పాఠము చెప్పిరి. నా ప్రస్తావన కూడ వచ్చినదట. "బండి మంచిదే, కాని ముందుకు ఉరకనీయకండి, బరువు పెట్టండి" అనిరట. ఆ సాయంకాలమే నా పీటపై ఒక ఇటుకను తాడుతో బిగించి, చక్రములకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగి, నున్నని షాబాదు బండలపై జారకుండునట్లు చేసిరి. ఉరుకుటకు పుట్టినవానికి ఇంతకంటె పరాభవ మేమున్నది?

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణము. ఒకప్పుడు నిజాము రాజ్యమున నుండిన గుల్బర్గా దాపున, తాజ్ సుల్తాన్‌పురమున, కాళ్లు రాని పిల్లలను, నయమగునను నమ్మకముతో, మెడ వరకు మట్టిలో పూడ్చి నిలిపిరని టీవీలో వచ్చినది. నాయనమ్మ కన్నీళ్లతో, "మనం గూడ మూసీ ఇసుకల నడుముదాంక పెట్టి చూద్దం బిడ్డా" అనెను. ఆమెను నేను తప్పుపట్టను. ప్రేమకు దారి తెలియనపుడు గోతినైన త్రవ్వును. కోడలు కోపపడలేదు. "బండి పట్టుకొని నిలవడ్తుండు గదా అత్తమ్మా, మట్టిల ఎందుకు?" అని బిడ్డను తెచ్చి నా ముందు నిలిపెను.

2020 మార్చి నెలాఖరున దేశమంతయు తలుపులు మూసికొనగా, బోయిన్‌పల్లి ప్రయాణము ఆగినది. ఇక పాఠశాల నేనే. తల్లి వెనుక నేలపై కూర్చుండి బిడ్డ నడుమును రెండు చేతుల పట్టుకొనును. వాని మోకాళ్లు వణకును, ఎడమ మడమ నేలను తాకక వ్రేళ్లపై నిలుచును, ఆమె దానిని మెల్లగా క్రిందికి నొక్కును. కుక్కరు ఒక కూత నుండి మరియొక కూత వరకు నిలుచుట నియమము. ఎదుట కుర్చీపై ఉస్మానియా బిస్కటు. కొన్నిదినములు బిడ్డ బిస్కటు తినకయే ఏడ్చి పడుకొనెను. తల్లియు అన్నము తినలేదు.

ఆ యేటి ఆషాఢమున లాల్‌దర్వాజ వీధులలో పోతరాజుల కొరడా చప్పుడు లేదు. బోనములు ఇండ్లలోనే జరిగినవి. అత్త బోనము కుండకు పసుపు పూయుచుండగా, ఇటుకతో సహా నేను కదలితిని. ఎడమకాలు, పిదప కుడికాలు, ఒక షాబాదు బండ దాటితిమి. తల్లి ఎవ్వరిని పిలువలేదు, నడుమునుండి చేతులు మాత్రము తీసినది. నా జాతివారు వీధులు చుట్టివచ్చినారని గొప్పలు చెప్పుకొందురు. ఒక్క బండ దాటుట యెట్టిదో వారెరుగరు.

బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నాడు. నడక ఒకవైపు ఒరగును, మాటలు కొద్ది. 2016 నాటి చట్టము నిర్ణీత వైకల్యము గల పిల్లలకు ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు ఇంటిదాపు బడిలోనే ఉచితముగా చదువుకొను హక్కు నిచ్చినదని తల్లికి కంఠపాఠము. మొన్న ఎదురింటి ఖాలా తన మనుమడు ఇంకను నిలువబడలేదని నన్ను అడుగవచ్చెను. ఇవ్వకముందే తల్లి, "మొదలు బాబును డాక్టర్‌కు చూపెట్టు ఖాలా, పిల్లల దవాఖాన పురానీ హవేలీల దగ్గర్నే ఉన్నది. చెవులు గూడ చూపెట్టు. బండిదేమున్నది, ఎప్పుడైన తీస్కపోవచ్చు" అనినది. బండిదేమున్నది అను మాట నాకు కొంత కష్టముగానే తోచినది గాని, అనినది ఆమె గనుక ఊరకుంటిని.